నాన్నలకు చూపించే పేజీ

ఆదివారం

పొద్దున్నే వదిన వచ్చింది, అట్ట కోసం గీసిన బొమ్మ పట్టుకుని. రెక్కలున్న అమ్మాయి, వెనకాల నిండు చందమామ. వదిన బొమ్మలు చాలా బాగా గీస్తుంది. కానీ మా కాలేజీ ఆడపిల్లల కోసం నేను రాస్తున్న ఈ నోట్‌బుక్‌కి రెక్కలు వద్దన్నాను. మెడలో ఐడీ కార్డు వేసుకుని షార్, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రం, బస్సు దిగుతున్న అమ్మాయిని గియ్యమన్నాను. కాసేపు అలిగింది గానీ, టిఫిన్ తిన్నాక తనే పెన్సిల్ తీసి బస్సు మొదలుపెట్టింది.

మా నాయుడుపేటలో రాకెట్ చూడని పిల్ల ఉండదు. శ్రీహరికోటలో ప్రయోగం ఉందంటే ఊరంతా మేడలెక్కుతుంది. అయినా ఫిజిక్సు క్లాసులో "షార్‌లో ఉద్యోగం చెయ్యాలని ఎవరికుంది?" అని అడిగితే చేతులు లేవవు. ఇష్టం లేక కాదు. అక్కడికి వెళ్ళాలంటే ఏం చదవాలో, ఏ పరీక్ష రాయాలో ఇంట్లో చెప్పగలిగినవాళ్ళు లేరు. అందుకే ఈ నోట్‌బుక్‌లో 'పెద్ద కలలు కనండి' లాంటి వాక్యం ఒక్కటి కూడా పెట్టలేదు. ఎడమ పేజీలో ఒకామె చేసిన పని ఉంటుంది. కుడి పేజీలో, ఈ వారం తను ఏం చెయ్యబోతోందో ఆ పిల్ల రాసుకోవడానికి ఖాళీ గీతలు.

నిగార్ షాజీ గారి పేజీ ఇవాళ తిరగరాశాను. సూర్యుణ్ణి పరిశీలించే ఆదిత్య-ఎల్1 నౌకకు ప్రాజెక్ట్ డైరెక్టర్ అని మొదలుపెడితే పిల్లలకు ఆవిడ ఆమడ దూరంలో ఉన్నట్టుంది. తమిళనాడులోని సెంగోట్టైలో రైతు కూతురు, ప్రభుత్వ బడిలో చదివింది, తిరునెల్వేలి ప్రభుత్వ కాలేజీలో ఇంజినీరింగ్ చేసి 1987లో ఇస్రోలో చేరింది అని మొదలుపెడితే దగ్గరకొచ్చారు. 2023 సెప్టెంబరు 2న ఆదిత్య మన కోట నుంచే ఎగిరింది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న తన చోటికి 2024 జనవరి 6న చేరింది. ఆవిడ ఇస్రోలో చేరిన ఏడాదికీ ఆదిత్య తన చోటికి చేరిన ఏడాదికీ మధ్య ఎన్నేళ్ళో లెక్కకట్టమని కుడి పేజీలో రాశాను. ఆ ఏళ్ళన్నీ పని చేసిన ఏళ్ళేనని పిల్లలకు తెలియాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆజాదీశాట్ పేజీ. దాన్ని తీసెయ్యమంటుంది వదిన, పిల్లలు దిగులు పడతారని. దేశంలోని 75 ప్రభుత్వ బడుల నుంచి 750 మంది ఆడపిల్లలు చెయ్యి వేసి తయారుచేసిన 8 కిలోల ఉపగ్రహం అది. 2022 ఆగస్టు 7న ఇస్రో చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగంలో వెళ్ళింది. రెండో దశ విడిపోయేటప్పుడు పుట్టిన కంపనానికి త్వరణం కొలిచే సెన్సర్లు హద్దు దాటిన అంకెలు చూపించాయి. సెన్సర్లు చెడిపోయాయనుకుని రాకెట్ అత్యవసర పద్ధతిలోకి మారిపోయింది. 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రంగా తిరగాల్సిన ఉపగ్రహాలు, ఒకవైపు 76 కిలోమీటర్ల దాకా దిగిపోయే కక్ష్యలో పడ్డాయి. అంత కిందికి వస్తే గాలి రాపిడి ఊరుకోదు. ఆ పిల్లల ఉపగ్రహం దక్కలేదు. 2023 ఫిబ్రవరి 10న అదే కోట నుంచి ఆజాదీశాట్-2 వెళ్ళి 450 కిలోమీటర్ల కక్ష్యలో కుదురుకుంది. ఈ రెండు తేదీలూ ఒకే పేజీలో ఉండాలి. ఎంసెట్‌లో ర్యాంకు రాలేదని పుస్తకాలు అటకెక్కించిన పిల్లల్ని నేను చూశాను. మొదటి తేదీ దాచిపెట్టి రెండోదొక్కటే చూపిస్తే వాళ్ళకి ఎందుకూ పనికిరాదు. తీసెయ్యనని వదినకు గట్టిగానే చెప్పాను.

శిరీష బండ్ల పేజీ తొందరగానే అయిపోయింది. చూపు బాగాలేక నాసా వ్యోమగామి అయ్యే దారి మూసుకుపోతే ఇంజినీరింగ్ దారిలో వెళ్ళి, 2021 జులై 11న రోదసి అంచు దాకా వెళ్ళొచ్చారు. కళ్ళద్దాల పిల్లలు మా క్లాసులో చాలామందే ఉన్నారు.

మధ్యాహ్నం సీనియర్ ఎంపీసీ అమ్మాయి ఒకతి వచ్చింది, చిత్తుప్రతి చదివి చెప్పమని నేనే పిలిచాను. వరండాలో కూర్చుని మొత్తం చదివింది. చివరికి అంది: "నాకు బాగుంది మేడం. మా నాన్నకి చూపించే పేజీ ఏది?"

ఇన్ని వారాలుగా నేనూ వదినా మాట్లాడుకున్నదాంట్లో ఇంత అవసరమైన ప్రశ్న రాలేదు. చదువు ఆగేదీ సాగేదీ తేలేది ఇంట్లో. ఆ అమ్మాయిని పక్కనే కూర్చోబెట్టుకుని రాశాను. పదో తరగతి తర్వాత ఐటీఐ చేస్తే ఇస్రోలో టెక్నీషియన్, మూలవేతనం 21,700. డిప్లొమా ఫస్ట్ క్లాసులో పాసైతే టెక్నికల్ అసిస్టెంట్, 44,900. ఇంజినీరింగ్‌లో 65 శాతం ఉంటే సైంటిస్ట్ పోస్టుకి అర్హత, 56,100. ఇవి ఏడో వేతన సంఘం అంకెలు, భత్యాలు వేరే. రాత పరీక్ష ఉంటుంది. తిరువనంతపురంలో అంతరిక్ష శాఖ వారి కాలేజీ ఐఐఎస్‌టీలో చేరాలంటే జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి, ఆడపిల్లలకు హాస్టల్ ఉంది.

"హాస్టల్ మాట పైన రాయండి మేడం, మా నాన్న ముందు అదే అడుగుతాడు" అంది. పైన రాశాను, పెద్ద అక్షరాలతో. వాళ్ళ నాన్న బుధవారం ఫీజు కట్టడానికి వస్తాడట. నోట్‌బుక్ అచ్చయ్యేదాకా ఆగకుండా ఈ ఒక్క పేజీ రేపే జిరాక్స్ తీయించి ఆఫీసు కౌంటర్ దగ్గర పెట్టిస్తాను.