ఫోను వాళ్ల చేతిలోనే ఉండాలి

“రోజుకు ఎన్ని గంటలు ఫోను చూస్తారు?” అని అడగ్గానే అందరూ ఏదో ఒక అంకె చెప్తారు. దాన్నే నమ్ముకుంటే, ఫోను వాడకం మీద చేసే సమాజశాస్త్ర అధ్యయనం మొదట్లోనే తప్పుదారి పడుతుంది. జనం చెప్పిన లెక్కనూ ఫోను నమోదు చేసిన లెక్కనూ పోల్చిన పరిశోధనలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2021లో ‘నేచర్ హ్యూమన్ బిహేవియర్’ పత్రికలో వచ్చింది. రెండిటికీ పొంతన అంతంతమాత్రమేనని తేలింది.

అలాగని ఫోను లెక్కే వేదమనుకోకూడదు. దారి చూపిస్తూ మ్యాపు గంటసేపు తెరిచి ఉన్నా వాడకం కిందే పడుతుంది. ఒకే ఫోను ఇద్దరు వాడితే ఎవరి నిమిషాలు ఎవరివో తెలియదు. ఫోను ఎందుకు తీశారన్నది అసలే ఉండదు.

అందుకే ‘స్క్రోల్ బ్యాక్’ అనే పరిశోధన పద్ధతి అంటే నాకు గురి. ఏళ్ల తరబడి ఫేస్‌బుక్ వాడుతున్న యువతతో పరిశోధకులు బ్రాడీ రాబార్డ్స్, షాన్ లింకన్ దీన్ని రూపొందించారు. పాత పోస్టులను వాళ్లే వెనక్కి జరుపుకుంటూ పోతారు, వాళ్లే వివరిస్తారు.

ముందు అధ్యయనంలో పాల్గొనేవాళ్లతో వారం రోజులు తమ ఫోను వాడకం మీద డైరీ రాయించండి. పూటకు రెండు మూడు వాక్యాలు చాలు. అంతకు మించి అడిగితే మధ్యలో మానేస్తారు, లేదంటే చివరి రోజు రాత్రి వారమంతా ఒక్కసారే రాసేస్తారు. వాయిస్ మెసేజ్ పంపమంటే ఏ పూటది ఆ పూటే వస్తుంది, టైమూ దానంతటదే పడుతుంది.

తర్వాత గంట, గంటన్నర స్క్రోల్ బ్యాక్ ఇంటర్వ్యూ. ఎదురుగా కాకుండా పక్కన కూర్చోండి. ఫోను మాత్రం వాళ్ల చేతిలోనే ఉండాలి, మీరు తీసుకోవద్దు. బొటనవేలు ఎక్కడ ఆగింది, ఎక్కడ గబగబా దాటేసింది రాసుకోండి. దాటేసిన చోటు గురించి ఒక్కసారి అడగొచ్చు. చెప్పకపోతే వదిలేయాలి.

ఇలా కూర్చుంటేనే కనబడేవి కొన్ని ఉంటాయి. మెసేజ్ వస్తుంది. తెరవకుండా లాక్ స్క్రీన్ మీదే చదివి ఫోను బోర్లా పెడతారు. తెరిస్తే నీలి టిక్కులు పడతాయి, చదివీ జవాబివ్వలేదని అవతలివాళ్లు నొచ్చుకుంటారు. ఆ మెసేజ్ యాప్ లెక్కలో ఇది సున్నా సెకన్లు. సమాజశాస్త్రానికి కావలసిందేమో సరిగ్గా ఇదే.

స్క్రీన్ రికార్డు చేస్తే నోటిఫికేషన్లు ఆపించండి. సమ్మతి ఇచ్చింది ఎదుట ఉన్న మనిషే, ఆ చాట్‌లో ఉన్న మిగతావాళ్లు కాదు. వాళ్ల పేర్లూ ఫొటోలూ అప్పటికప్పుడే చెరిపేయాలి. బహిరంగ పోస్టును ఉన్నదున్నట్టు ఉటంకించినా ప్రమాదమే, వెతికితే మనిషి దొరికిపోతారు.

మనుషులనే కాక యాప్‌నూ పరీక్షించడానికి, 2018లో పరిశోధకులు బెన్ లైట్, జీన్ బర్జెస్, స్టెఫనీ డుగ్వే వివరించిన వాక్‌త్రూ పద్ధతి ఉంది. కొత్త ఖాతా తెరవడం, రోజువారీ వాడకం, ఖాతా మూసేయడం, ఈ మూడు దశల్లోనూ ప్రతి తెరనూ స్క్రీన్‌షాట్ తీయాలి. తేదీ, వెర్షన్ నంబరు రాయకపోతే తర్వాతి అప్‌డేట్‌తో ఆ పనంతా దేనికీ పోల్చలేనిదవుతుంది. చేరడానికి ఎన్ని నొక్కులు, బయటపడటానికి ఎన్ని నొక్కులు అన్నది తప్పక లెక్కపెట్టండి.

చివరగా ఇంటి పటం గీయించండి. రాత్రి ఏ ఫోను ఎక్కడ ఛార్జింగ్‌లో ఉంటుందో గుర్తు పెట్టించండి. పిల్లల ఫోను పెద్దల గదిలో ఉంటే, ఆ ఏర్పాటు ఎవరు పెట్టారో, ఎవరికి మినహాయింపో అడగండి. ఆర్నెల్ల తర్వాత వెళ్లి అదే పటం మళ్లీ గీయించండి.