తెంచి చూసే పని

న్యూజీలాండ్‌లో నా ఉద్యోగం రోడ్లు వేయడం కాదు, కంప్యూటర్‌లో వాటిని ఒక్కొక్కటిగా తెంచడం. ఒక రోడ్డును పటంలోంచి తీసేసి, బండ్లు ఎటు మళ్లుతాయో, అదనంగా ఎన్ని గంటలు తిరుగుతాయో, ఏ ఊరు ఒంటరిగా మిగిలిపోతుందో చూస్తాం. రద్దీ రోడ్డే అన్నిటికన్నా కీలకమని చాలామంది అనుకుంటారు. కానీ వెల్లింగ్టన్‌లో ఒక వీధి మూసినా పక్క వీధి ఉంటుంది. కొండదారికి అది ఉండదు.

కొత్తగా చేరినవాళ్లకు ఇక్కడ ముందుగా చెప్పేది కైకౌరా భూకంపం గురించి. 2016 నవంబరు 14న, అర్ధరాత్రి దాటాక వచ్చింది. పిక్టన్ నుంచి క్రైస్ట్‌చర్చ్ వెళ్లే ఒకటో నంబరు రహదారి మీద కొండచరియలు పడ్డాయి. పటంలో రోడ్డు ఒక గీత, రైలుమార్గం ఇంకో గీత. ఒకటి పోతే ఇంకొకటి ఉందనిపిస్తుంది. నేల మీద రెండూ కొండకూ సముద్రానికీ నడుమ ఇరుకు పట్టీలో పక్కపక్కనే ఉన్నాయి, ఒకే రాత్రి పోయాయి. లారీలు లూయిస్ పాస్ అనే కొండదారి మీదుగా తిరిగాయి. ఐదు గంటల ప్రయాణం ఏడున్నర దాకా సాగింది. రహదారి మళ్లీ తెరిచేసరికి 2017 డిసెంబరు వచ్చింది.

2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి నందిగామ దగ్గర హైదరాబాద్–విజయవాడ రహదారి మునిగినప్పుడు మా అన్నయ్య ఫోను చేశాడు. "పక్కనే ఇంకో వంతెన కడితే సరిపోతుంది కదరా!"

"అదే ఏటి మీద, అదే ఎత్తులోనా అన్నయ్యా?" అన్నాను.

ఇక్కడ న్యూజీలాండ్‌లోనే మనవాటు లోయ రోడ్డు సంగతి వేరు. 2011లో చరియలు విరిగిపడి ఏడాదికి పైగా మూసి ఉంచారు. బాగుచేసి తెరిచారు. 2017 ఏప్రిల్‌లో మళ్లీ మూసి, ఇక తెరవలేదు. లోయను వదిలేసి కొండల మీదుగా 11.5 కిలోమీటర్ల కొత్త రహదారి వేశారు. అది 2025 జూన్‌లో తెరుచుకుంది. అన్నేళ్లూ పెద్ద లారీలు ఇరుకైన శాడిల్ రోడ్డు ఎక్కాయి. ఆష్‌హర్స్ట్ అనే చిన్న ఊళ్లో ఇళ్ల ముందునుంచే పోయాయి. అటువైపు వుడ్‌విల్‌లో దుకాణాలకు బేరం తగ్గింది. మా లెక్క ఆ పక్కదారిని 'ఇంకా ఖాళీ ఉన్న రోడ్డు' అనే చూపిస్తుంది.

అందుకే నా నివేదికల్లో పక్కదారికీ వాలు, వంతెన మోయగల బరువు, దారిలోని బడులు రాస్తాను. నివేదిక లావైపోతోందని మా పైఅధికారి సణుగుతాడు.