ముఖవాతం తగ్గాక పెదవికి ఫిల్లర్ వేయించుకోవాలా అన్న ప్రశ్న

పర్లాకిమిడిలో తెలుగు పాఠాలు చెప్పడం నా వృత్తి కాబట్టి, ముఖానికి ఏదో అయిందన్న సంగతి మొదట తరగతి గదిలోనే బయటపడింది. ప, ఫ, బ, భ, మ పలకాలంటే రెండు పెదవులూ కలవాలి. ఆ ఉదయం ఎడమవైపు పెదవి కలవక, ఆ సందులోంచి గాలి జారిపోయి, ‘పద్యం’ అన్నది ‘హద్యం’లా వినిపించింది. ముందు బెంచీ పిల్లలు నవ్వారు, నా ముఖం చూసి వెంటనే ఊరుకున్నారు. ఇంటికి వచ్చి పుక్కిలిస్తే నీళ్లు ఎడమ మూల నుంచి కారిపోయాయి, ఎడమ కన్ను పూర్తిగా మూతపడలేదు, కనుబొమలు ఎత్తబోతే నుదుటి మీద ఆ వైపు ఒక్క ముడతా పడలేదు.

ఇరుగుపొరుగువాళ్లు గాలి కొట్టిందన్నారు. ఒకావిడ పావురం నెత్తురు రాసే మనిషి ఆచూకీ కూడా కనుక్కుని వచ్చింది. మా వదిన మాత్రం “లెగమ్మా, కారు మాట్లాడీసేను, పావురం సంగతి వచ్చాక చూద్దుం” అని నన్ను పాతపట్నం మీదుగా శ్రీకాకుళం తీసుకుపోయింది. మేము ఉండేది ఒడిశాలో అయినా, పెద్ద జబ్బు చేస్తే మా కాళ్లు ఆంధ్రా వైపే నడుస్తాయి.

అక్కడి వైద్యుడు కాళ్లూ చేతుల బలం, మాట, చూపు అన్నీ పరీక్షించి, నుదురు కదలకపోవడం ఒక రకంగా మంచిదే అన్నారు. నుదుటి కండరాలకు మెదడు రెండు వైపుల నుంచీ ఆజ్ఞలు అందుతాయి కాబట్టి, మెదడుకు దెబ్బ తగిలి వచ్చే పక్షవాతంలో సాధారణంగా నుదురు కదులుతూనే ఉంటుంది, ముఖంలో కింది భాగం మాత్రమే జారుతుంది. నుదురు కూడా బిగుసుకుపోతే లోపం ఎక్కువగా ఏడవ కపాల నాడిలోనే, అంటే ముఖ కండరాలను కదిలించే ముఖ నాడిలోనే ఉంటుంది. ఆ నాడి చెవి వెనక ఒక ఇరుకైన ఎముక మార్గం గుండా ముఖంలోకి వస్తుంది, వాపు వస్తే ఆ ఇరుకులోనే నలిగిపోతుంది. 19వ శతాబ్దంలో ముఖ నాడిని పరిశీలించిన స్కాట్లండ్ శస్త్రవైద్యుడు చార్లెస్ బెల్ పేరు మీద దీనిని బెల్స్ పాల్సీ అంటారు. వాపు తగ్గించే ప్రెడ్నిసొలోన్ మాత్రలు 72 గంటల లోపు మొదలుపెడితేనే ఎక్కువ ప్రయోజనమని చెప్పి, ఆయన ఆ పూటే మొదటి మోతాదు వేయించారు. ఇంట్లో ఎవరి మూతి వంకరపోయినా ఈ నుదుటి తేడా చూసి తమంతట తాము ధైర్యం తెచ్చుకోకూడదని, అది పక్షవాతమో కాదో ఆసుపత్రిలోనే తేల్చాలని వదినకు గట్టిగా చెప్పారు.

తరువాతి వారాల గురించి చెప్పవలసింది తక్కువే. పగలు కంట్లో చుక్కలు, రాత్రి లేపనం పూసి రెప్పకు అంటించే పట్టీ, భోజనానికి కుడి దవడ. ఈ జబ్బు వచ్చినవారిలో ఎక్కువమందికి మూడు వారాల నుంచి ఆరు నెలల లోపు నయమవుతుంది. నాకు కన్ను త్వరగానే స్వాధీనమైంది, బుగ్గ ఆలస్యం చేసింది, పెదవి మాత్రం పూర్తిగా రాలేదు. నవ్వితే నోరు కుడివైపుకు పోతుంది. పెదవులు సున్నాలా చుడితే ఎడమ కన్ను చిన్నదవుతుంది. నలిగిన నాడీ తంతువులు మళ్లీ పెరిగేటప్పుడు కొన్ని దారి తప్పి వేరే కండరానికి చేరుకోవడమే దీనికి కారణం, వంటింటి స్విచ్ నొక్కితే వరండాలో దీపం వెలిగినట్టు.

సరిగ్గా ఆ సమయంలోనే మా మేనకోడలికి సంబంధం కుదిరింది. పెళ్లి ఫోటోల ప్రస్తావన వచ్చినప్పుడు ఆ పిల్ల నా మీద ప్రేమతోనే, “అత్తా, ఆ వైపు పెదవిలో కాస్త ఫిల్లర్ వేయిస్తే రెండువైపులా సమానమైపోదూ?” అంది. ఫిల్లర్ అంటే పెదవిని నింపడానికి సూదితో లోపలికి ఎక్కించే పదార్థం. ఆలోచన నాకూ నచ్చింది. జబ్బు చేసిన ముఖాన్ని అద్దంలో అంతకాలం చూసుకున్న మనిషికి, ఒక్క పూటలో సరిచేస్తామనే మాట ఎంత ఆశ పెడుతుందో అనుభవించినవారికే తెలుస్తుంది.

మొదట మేము వెళ్లింది దగ్గరి పట్టణంలోని ఒక బ్యూటీ పార్లర్‌కు. అక్కడి ఆవిడ సూది లేకుండా, పెన్నులాంటి పరికరంతో ఒత్తిడి మీద మందును పెదవిలోకి పంపుతామని చెప్పింది. అది ఏ మందు అని అడిగితే ‘విదేశీ సరుకు’ అంది, ఎన్నాళ్లుంటుందంటే పదేళ్లు కదలదని గొప్పగా చెప్పింది. నాకు అనుమానం కలిగింది ఆ పదేళ్ల మాట దగ్గరే. పెదవులకు వైద్యులు ఎక్కువగా వాడేది హయలురోనిక్ ఆమ్లంతో చేసిన జిగురు పదార్థం. ఆ ఆమ్లం మన చర్మంలోనూ కీళ్లలోనూ సహజంగా ఉండేదే కాబట్టి, శరీరం దానిని నెమ్మదిగా కరిగించుకుంటుంది, పెదవిలో వేసినది సుమారు ఆరు నెలల నుంచి ఏడాది నిలుస్తుంది. ఎన్నటికీ కరగని సిలికాన్ వంటివి ఎక్కిస్తే, ఏళ్ల తరువాత కూడా గడ్డలు కట్టవచ్చు, వాటిని తీయాలంటే కత్తి పెట్టవలసి రావచ్చు. ఆ పెన్ను పరికరాలు వాడవద్దని అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ 2021లోనే ప్రజలను హెచ్చరించింది. చర్మానికీ పెదవికీ గాయాలయ్యే ప్రమాదంతో పాటు, మందు ఎంత లోతుకు పోతుందో చేసేవారి అదుపులో ఉండదన్నది అందులోని అభ్యంతరం. నేను చివరగా, ఫిల్లర్‌ను కరిగించే మందు హయలురోనిడేజ్ మీ దగ్గర సిద్ధంగా ఉంటుందా అని అడిగాను, ఆవిడ ఆ పేరు ఎప్పుడూ వినలేదు. మేము లేచి వచ్చేశాము.

ఆ మందు పేరు తెలియని చోట ఫిల్లర్ వేయించుకోకూడదని ఇంత పట్టుగా చెప్పడానికి కారణం ఉంది. పై పెదవికీ కింది పెదవికీ లోపల సన్నని ధమనులు ఉంటాయి, అవి అందరికీ ఒకే చోట, ఒకే లోతులో ఉండవు. ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి పోయినా, బయట నుంచి దానిని నొక్కినా, ఆ ధమని పోషించే చర్మానికి నెత్తురు అందదు. అక్కడ తెల్లగా పాలిపోవడం, ఆ తరువాత వలలాంటి నీలి మచ్చలు, మామూలుగా కన్నా ఎక్కువైన నొప్పి కనిపిస్తాయి. హయలురోనిక్ ఫిల్లర్‌ను వెంటనే కరిగించగల ఎంజైమే హయలురోనిడేజ్. ఆలస్యమైతే చర్మం చచ్చిపోతుంది, అరుదుగా కంటిచూపు కూడా పోయిన సందర్భాలున్నాయి. ఇటువంటిది అరుదే అయినా, నా విషయంలో ఇంకొక చిక్కు ఉంది. లక్షణాలు కొన్నిసార్లు ఇంటికి చేరాక బయటపడతాయి, ఫిల్లర్‌లో కలిపే మత్తుమందు వల్ల నొప్పి మొదట తెలియకపోవచ్చు. పర్లాకిమిడిలో అర్ధరాత్రి పెదవి పాలిపోతే ఆ ఎంజైమ్ కోసం విశాఖపట్నం పరుగెత్తాలి, అది గంటల ప్రయాణం. విశాఖలో ఉండేవారికి ఈ లెక్క వేరు, మాలాంటి అంచు ఊళ్లవారికి వేరు.

విశాఖలో చూపించుకున్న ప్లాస్టిక్ సర్జన్ నన్ను వెంటనే కుర్చీలో పడుకోబెట్టకపోవడమే నాకు ఆమె మీద నమ్మకం కలిగించింది. ముఖం కదల్చకుండా ఒకటి, నవ్వుతూ ఒకటి, పెదవులు చుట్టి ఒకటి, పళ్లు చూపిస్తూ ఒకటి ఫోటోలు తీసి నా ముందు పెట్టి, “ఏది బాగుచేయమంటారు?” అని అడిగారు. ఊరికే కూర్చున్న ఫోటోలో తేడా వెతికితే తప్ప కనబడలేదు. నవ్విన ఫోటోలో నోరంతా కుడివైపు ఉంది. ఫిల్లర్ నింపగలదు, కదిలించలేదు అన్నారామె. కదలిక లేని చోట నింపితే, ఊరికే ఉన్నప్పుడు ఎడమ పెదవి కుడిదానికన్నా లావై, నవ్వినప్పుడు వంకర వంకరగానే ఉండే అవకాశముందని వివరించారు. బెల్స్ పాల్సీ తరువాత పెదవి బాగా సన్నబడి, నోరు మూసినా సందు మిగిలేవారికి ఫిల్లర్ పనికొచ్చిన సందర్భాలున్నాయని, నా పెదవి ఆ స్థితిలో లేదని కూడా చెప్పారు.

తరువాత అడిగిన ప్రశ్నల్లో ఒకటి నన్ను ఆశ్చర్యపరిచింది. జ్వరం వచ్చినప్పుడల్లా పెదవి మీద పొక్కులు వస్తాయా అన్నారు. చిన్నప్పటి నుంచీ వస్తాయి. ఆ పొక్కులు పుట్టించే హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ నాడుల్లో నిద్రపోయి ఉంటుంది. బెల్స్ పాల్సీకి కూడా చాలామందిలో అదే కారణమై ఉండవచ్చని వైద్యుల అనుమానం, రుజువైన మాట కాదు. పెదవికి సూది పోట్లు పడితే ఆ వైరస్ మళ్లీ లేవగలదు, కనుక ఇటువంటివారికి ముందే వైరస్ మందు ఇచ్చి ఫిల్లర్ వేస్తారు. ముఖ నాడి జబ్బు నుంచి ఇప్పుడిప్పుడే తేరుకుంటున్న నాకు, అవసరం లేని చోట ఆ వైరస్‌ను కెలకడం ఏమిటనిపించింది. గర్భిణులూ పాలిచ్చే తల్లులూ వేయించుకోకూడదని, రక్తాన్ని పలచన చేసే మాత్రలు వాడేవారు ముందుగా చెప్పాలని, పంటి వైద్యం ఉంటే కొన్ని వారాల ఎడం పాటించాలని చెబుతూ, ఆమె ఇవన్నీ వరసగా అడిగి రాసుకున్నారు. ఇన్ని అడిగే మనిషి దగ్గర వేయించుకోవచ్చు కదా అని వదిన అంది. నిజమే, కానీ ఆ మనిషే నాకు వద్దంటున్నారు.

దానికి బదులు ఆమె నన్ను ముఖానికి ఫిజియోథెరపీ చేయించేవారి దగ్గరికి పంపారు. అక్కడ నేర్చుకున్నది నేను ఇంట్లో అప్పటిదాకా చేస్తున్నదానికి పూర్తిగా భిన్నంగా ఉంది. గట్టిగా ఊదడం, బుగ్గలు పూరించడం వంటివి దారి తప్పిన తంతువులను ఇంకా బలపరుస్తాయట. అద్దం ముందు చిన్న చిన్న కదలికలు, కన్ను తెరిచి ఉంచుకుంటూనే పెదవి నెమ్మదిగా చుట్టడం, కుడివైపు లాగుడు తగ్గించి నవ్వడం నేర్పారు. కుడివైపు కండరానికి కొద్దిగా బొటాక్స్ ఇచ్చి కొన్ని నెలలు లాగుడు తగ్గించే మార్గం కూడా ఉందన్నారు, జబ్బు వచ్చి ఏడాది దాటాక మాట్లాడదామని నేను వాయిదా వేశాను. ఏడాది దాటింది. నవ్వు ఇప్పటికీ కొంచెం కుడివైపే. తరగతిలో ప వర్గం మాత్రం శుభ్రంగా పలుకుతోంది, నాకు బొటాక్స్ అవసరం కనబడలేదు.

మేనకోడలి సంగతి వేరు. ఆ పిల్లకు ఇరవై అయిదేళ్లు, జబ్బేమీ లేదు, పై పెదవి సన్నగా ఉందన్న అసంతృప్తి కాలేజీ రోజుల నుంచీ ఉన్నదే, కాబోయే భర్త పెట్టినది కాదు. నేను అడిగినవన్నీ తనూ అదే సర్జన్‌ను అడిగింది, ఒకేసారి ఎక్కువ నింపవద్దని, తక్కువతో మొదలుపెట్టమని తనే చెప్పింది. వాపూ కమిలిన మచ్చలూ తగ్గడానికి సమయం ఉండేలా పెళ్లికి నెల పైచిలుకు ముందే తేదీ తీసుకుంది. సూది పడ్డ రాత్రి ఇంటికి తిరిగి రాకుండా ఆసుపత్రికి దగ్గర్లోనే ఉండాలన్న షరతు మాత్రం నాది. గది నేనే మాట్లాడాను, తోడు కూడా నేనే వెళ్తున్నాను.