వెనక్కి పోయిన పదిహేను మిల్లీమీటర్లు

మా అబ్బాయి నీళ్ల మీద జారి ఆడుకోవడానికి నేను చేసి షార్జా నుంచి మోసుకొచ్చిన పలకను మా బాపు పందిరి కింద బల్ల మీద పెట్టాడు. నాలుగడుగులు వెనక్కి వెళ్లి వంగి, ఒక కన్ను చికిలించి దాని పొడవు వెంట చూశాడు. "ముక్కు లేచి మళ్లీ కూర్చుంది బిడ్డా" అన్నాడు. బల్ల నుంచి ముక్కు ఎంత లేచిందో స్కేలు పెట్టి కొలిచాను. 45 మిల్లీమీటర్లు. నేను అచ్చు తయారు చేసింది 60కి. విమానంలో వస్తున్నంతసేపూ అట్టపెట్టెలో ఏదో నొక్కుకుపోయి ఉంటుందనుకున్నాను. ఆ పదిహేను మిల్లీమీటర్లు షార్జాలో అచ్చు మీద నుంచి తీసిన నిమిషంలోనే పోయాయని బాపు చెబితే తెలిసింది.

మాది పాలంపేటకు దగ్గరి ఊరు. ఇప్పుడు ములుగు జిల్లా, నేను గల్ఫుకు వెళ్లే నాటికి వరంగల్ జిల్లా. బాపు వడ్రంగి. ఎడ్లబండ్లు నడిచినన్ని రోజులు బండి చక్రాలు చేశాడు, ఆ తర్వాత తలుపులు, కిటికీలు. నేను పదకొండేళ్లుగా షార్జాలో ఫైబర్‌గ్లాస్ పడవలు తయారయ్యే చోట పని చేస్తున్నాను. అచ్చుకు మైనం పట్టించడం, దాని మీద గాజునార పరిచి రెసిన్‌తో, అంటే ఆరాక గట్టిపడే జిగురు ద్రవంతో తడపడం, చిన్న ఇనుప రోలరుతో రుద్ది లోపల చిక్కుకున్న గాలి బుడగలను బయటికి తరమడం నా పని. ఒక్క బుడగ మిగిలినా పడవ అక్కడే పగులుతుంది. ఇన్నేళ్లలో నా చేతికి బాగా వచ్చిన విద్య ఆ బుడగలను కనిపెట్టడమే.

గాజు పొడి సంగతి ఆ పని చేసినవాళ్లకే తెలుస్తుంది. మోచేతుల మడతల్లో, మెడ దగ్గర కనిపించని ముళ్లు దిగినట్టుంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు మంట తగ్గుతుందని వేడినీళ్లు పోసుకుంటారు. చన్నీళ్లే పోసుకోవాలి, రుద్దకూడదు. ఈ మాట నాకు చెప్పింది జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక అన్న. నేను నా తర్వాత వచ్చిన అందరికీ చెప్పాను. ఎండాకాలంలో తెల్లవారుజామున నాలుగింటికే లేస్తాం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడి ప్రభుత్వ నియమం. ఆ రెండున్నర గంటలు నీడలో పడుకుని ఇంటికి ఫోను చేసుకుంటాం. మా అబ్బాయి మొదటి మాటలు, మొదటి పరీక్ష మార్కులు నేను విన్నది ఆ నీడలోనే.

ఒక సెలవురోజు సాయంత్రం అజ్మాన్ సముద్రం ఒడ్డు నుంచి వాడికి వీడియో కాల్ చేశాను. నా వెనక పిల్లలు కొందరు పలచని పలకలు చేతపట్టుకుని పరుగెత్తుతున్నారు. అల వెనక్కి జారుతూ ఇసుక మీద వదిలిన పలచటి నీటి పొర మీదికి పలకను విసిరి, దాని మీదికి ఎక్కి జారిపోతున్నారు. "అదేమిటి నాన్నా?" అన్నాడు. స్కిమ్‌బోర్డు. అమెరికాలో కాలిఫోర్నియా తీరాన లగునా బీచ్‌లో 1920లలో తీరరక్షకులు చెక్కపలకలతో మొదలుపెట్టిన ఆట అది. అలల మీద లేచి నిలబడే పెద్ద సర్ఫుబోర్డు వేరు. ఇది వేలెడు మందం కూడా ఉండదు, అడుగున రెక్కలుండవు, చీలమండ లోతు నీళ్లుంటే చాలు. వాడికి పదేళ్లు. సముద్రం చూడలేదు. కానీ వేసవిలో మంగపేట దగ్గర గోదావరి ఎలా ఉంటుందో వాడికి తెలుసు. ఇసుక మీద అరచేతి మందాన నీళ్లు పారే చోట్లు అక్కడ ఎన్నో. "మన గోదావరిలో కూడా జారుతుందా?" అని అడిగాడు. జారుతుందన్నాను. ఆ మాట నిలబెట్టుకోవాలని పట్టుదల పుట్టింది.

దుకాణంలో కొనవచ్చు. కొనలేదు. వాడికి నా పని చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. నేను చేసిన పడవలు ఏ సముద్రంలో తిరుగుతున్నాయో నాకే తెలియదు. బాపు చేసిన తలుపులు మాత్రం మా ఊళ్లో ఏ ఇంటికి వెళ్లినా కనిపిస్తాయి.

సరుకు దొరకడం కష్టం కాలేదు. అక్కడ డాబాల మీద వేడి దిగకుండా పరిచే నురుగు పలకల ముక్కలు మిగిలి ఉంటే మేస్త్రీ తీసుకోమన్నాడు. తొలి ప్రయత్నం గురించి ఎక్కువ చెప్పను. చేతికి అలవాటైన పాలియెస్టర్ రెసినే పూశాను. పది నిమిషాల్లో నురుగు మంచులా కరిగి గుంటలు పడింది. ఆ రెసిన్‌లో ఉండే స్టైరీన్ ఈ రకం నురుగును తినేస్తుంది. దీనికి ఎపాక్సీ అనే రెసినే పనికొస్తుంది.

అసలు చిక్కు ఒంపు దగ్గర వచ్చింది. మా పనిలో దాన్ని రాకర్ అంటారు. వెనక మూడు వంతులు చదునుగా ఉండాలి, ముందు భాగం మెల్లగా పైకి లేవాలి. లేవకపోతే ముక్కు ఇసుకలో గుచ్చుకుని పిల్లవాడు బోర్లా పడతాడు. మరీ లేస్తే పలక నీటిని ముందుకు నెట్టుకుంటూ వేగం పోగొట్టుకుంటుంది. చాలామంది మందపాటి దిమ్మె తెచ్చి ఒంపును చెక్కుతారు. అది తప్పు పని అని నా అభిప్రాయం. సగం సరుకు పొడిగా నేలపాలవుతుంది, అంతటా ఒకే మందం రావడం కష్టం. వేడి చేసి వంచడమూ కుదరదు. మేదరివాళ్లు వెదురును సెగకు చూపి వంచితే అది తన పాత నిలువును మరిచిపోతుంది. ఈ నురుగు 80 డిగ్రీలు దాటేసరికి మెత్తబడి, లోపలి గాలి గదులు కూలి ముడుచుకుపోతుంది.

అందుకే కాలుతున్న నిక్రోమ్ తీగతో 9 మిల్లీమీటర్ల పలకలు రెండు కోసి, మధ్యలో ఎపాక్సీ పూసి, 60 మిల్లీమీటర్లు లేచే అచ్చు మీద పరిచి, ఇసుక సంచుల బరువు పెట్టాను. మర్నాడు తీసి, పైన గాజుబట్ట వేసి, నునుపు చేసి, దుప్పటి చుట్టి, అట్టపెట్టె మీద నా పేరు రాసి తాడు కట్టి తెచ్చాను. బాపు ముందు పెట్టింది దాన్నే.

"పలకలు ఎన్ని?" అని అడిగాడు. రెండన్నాను. "పలచన చెయ్యి. మూడు చెయ్యి. అచ్చు కాస్త ఎక్కువ వంచు. వంచినది ఏదైనా కొంత వెనక్కి పోతుంది, ఆ పోయేదాన్ని ముందే ఇవ్వాలి" అన్నాడు. తర్వాత మా అబ్బాయి నోటుపుస్తకం తీసుకుని వంచి చూపించాడు. పేజీలు ఒకదాని మీద ఒకటి జరిగి అంచు మెట్లు మెట్లుగా మారింది. ఆ అంచును వేళ్లతో గట్టిగా పట్టుకుంటే పుస్తకం వంగినట్టే ఉండిపోయింది. వదిలితే తిరిగి నిటారు. జిగురు చేసే పని ఆ వేళ్లు చేసే పనే. పలకలు ఒకదానిపై ఒకటి జరగకుండా పట్టి ఉంచుతుంది కనుకే ఒంపు నిలుస్తుంది.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. మందం సగమైతే పలక బిగువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. విడివిడిగా రెండు పలకలంటే నాలుగో వంతు. అతికించిన పలకలో అంత పాతబిగువు దాగి ఉండి, అచ్చు మీద నుంచి తీయగానే ఒంపులో నాలుగో వంతును వెనక్కి లాక్కుంటుంది. 60లో నాలుగో వంతు పదిహేను. నా పదిహేను మిల్లీమీటర్లు అక్కడ దొరికాయి. మూడు పలకలైతే తొమ్మిదో వంతే పోతుంది. 68కి వంచితే 60 మిగలాలి. బాపుకు ఈ భిన్నాలు తెలియవు. చక్రం మీదికి ఇనుప పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి ఎక్కించేటప్పుడు ఎంత బిగువు వదలాలో మాత్రం చేతికి తెలుసు. రెండు దారులూ ఒకే అంకె దగ్గరికి వచ్చాయి.

పలకతో పాటు పెట్టెలో తెచ్చుకున్న మిగులు నురుగును 6 మిల్లీమీటర్ల పలకలుగా కోశాను. ఎపాక్సీ, దాన్ని గట్టిపరిచే ద్రవం విమానంలో తేకూడదు కనుక హైదరాబాద్‌లో కొన్నాను. అచ్చు బాపే చేశాడు. చెక్క మీద మూడు మేకులు కొట్టి, వాటి మధ్య వెదురు బద్దను వంచి, దాని వెంట పెన్సిలు గీశాడు. మా పడవల దగ్గర కంప్యూటర్‌లో గీసే గీతలోని నునుపు ఆ బద్దలోనూ ఉంది. ఎక్కడా గతుకు లేదు. ఆ గీత ప్రకారం కోసిన ఐదు చెక్కలను నిలబెట్టి పైన పలచటి ప్లైవుడ్ కప్పాడు.

మే నెల. మా వైపు పది గంటలకే రేకులు కాలుతాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే కలిపిన ఎపాక్సీ చేతిలో ఉండే సమయం ఇంచుమించు సగమవుతుంది. అందుకే తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టాం. షార్జాలో లేచే వేళే. బాపు లాంతరు పట్టుకోలేదు, రోలరు అడిగి తీసుకున్నాడు. డెబ్బై ఏళ్ల చేతికి రెండు నిమిషాల్లో పని పట్టుబడింది. "ఇక్కడ గాలి ఉంది" అని నాకంటే ముందే ఒక బుడగను వేలితో చూపించాడు. పదకొండేళ్లలో మేమిద్దరం ఒక పని మీద వంగడం అదే మొదలు. నేను మాట్లాడలేకపోయాను.

రెండు రోజులు అచ్చు మీదే ఉంచి తీశాం. అప్పుడు గాజుబట్టను అడుగున ఒకసారి, పైన ఒకసారి వేశాం. బరువు మోసేది ఆ రెండు తొడుగులే. మధ్యలోని నురుగు వాటిని దూరంగా నిలిపి ఉంచుతుంది. రామప్ప గుడి గుర్తొచ్చింది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడి శిఖరానికి నీటిలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. 2021లో యునెస్కో జాబితాలో చేరినప్పుడు షార్జాలో నా గదిలోని ఎనిమిది మందికీ ఆ ఇటుకల సంగతి చెప్పాను. బరువు ఎక్కడ తగ్గించాలో తెలిసిన పనివాళ్లు మా నేల మీద ఎనిమిది వందల ఏళ్ల కిందే ఉన్నారు.

రెండు రోజులు అచ్చు మీదే ఉంచి తీశాం. 60. బాపు మళ్లీ ఒక కన్ను చికిలించి చూసి, ఎడమ అంచు ఒక నూలు ఎత్తుగా ఉందన్నాడు. ఉంది. సానపెట్టి సరిచేశాను. పలక బరువు కిలోన్నర కూడా లేదు.

మంగపేట ఇసుకలో, చీలమండ దాటని నీటిలో, నేను ముందు నడిచి అడుగు చూసి వచ్చాకే వాడిని వదిలాను. మొదటి నాలుగుసార్లు పలక ఒక దారిన, వాడు ఒక దారిన. ఐదోసారి మూడు బారలు జారాడు. ముక్కు గుచ్చుకోలేదు. ఒడ్డున బాపు లేచి నిలబడ్డాడు.

తిరిగి వచ్చేటప్పుడు వాడికి ఒకటే చెప్పాను. పలకను ఎండలో వదలవద్దు, మామూలు వేడికి గట్టిపడిన ఎపాక్సీ ఎండకు కాగితే మెత్తబడుతుంది, ఒంపు జారిపోతుంది. బాపు దాన్ని తన పనిముట్ల పక్కన, గోడ నీడలో, రెండు చెక్కల మీద పడుకోబెట్టాడు. ఇప్పుడు మధ్యాహ్నం నీడలో ఫోను చేస్తే వాడు మార్కుల కంటే ముందు ఆ సంగతే చెబుతాడు. ప్రతి ఆదివారం తాత, మనవడు కలిసి నేల మీద పెట్టి స్కేలుతో కొలుస్తారట. ఈ వారం 59.