క్రోసిన్ మాత్ర, టికెట్ ముక్క

మా బ్యాచ్‌లో చాలామందిమి కర్ఫ్యూ చూసిన పిల్లలమే. 1988 డిసెంబరు 26న ఎమ్మెల్యే వంగవీటి రంగా హత్య జరిగేనాటికి నేను బెజవాడ సత్యనారాయణపురంలో మా మేనమామ ఇంట్లో ఉండి టెన్త్ చదువుతున్నాను. కర్ఫ్యూ సడలించిన కాసేపట్లోనే పాలకీ కూరగాయలకీ పరుగులు. రౌడీ అనే మాట ఇంట్లో పెద్దవాళ్లు గొంతు తగ్గించి పలికేవారు. మరుసటేడు ‘శివ’ వచ్చింది. తీసిన రామ్‌గోపాల్ వర్మ బెజవాడలోనే ఇంజినీరింగ్ చదివాడు. ఆ సైకిల్ చైను చూస్తే భయమూ వేసింది, మన ఊరి సంగతేనని గర్వమూ కలిగింది. అందులో గర్వపడేదేముందో ఇప్పటికీ తెలీదు.

1993లో ‘మనీ’. నిర్మాత ఆయనే, దర్శకుడు శివనాగేశ్వరరావు. నీ పెళ్లాన్ని ఎత్తుకొచ్చాం, డబ్బివ్వమంటే మొగుడు ఏడవడు, లోలోపల పండగ చేసుకుంటాడు. ఆవిణ్ణి వదిలించుకోవాలని తనే చూస్తున్నాడు మరి! పరేష్ రావల్ మొహంలో ఆ సంబరం చూసి హాలంతా విరగబడి నవ్వింది. ఇక బ్రహ్మానందం ఖాన్ దాదా. హీరోలా ఉన్నావంటే చాలు, కరిగిపోయే రౌడీ. గొంతు తగ్గించి పలికిన మాట మీద అంత గట్టిగా నవ్వడం నాకదే మొదలు. ఇలాంటి సినిమాల పిచ్చి అక్కడే పట్టుకుంది. పకడ్బందీగా ప్లాను వేసినవాడు ఏ చిల్లర తప్పు దగ్గర బోర్లా పడతాడా అని కాచుక్కూచోడంలోనే ఉంది మజా అంతా.

హాస్టల్లో ఉండగా ఓ రాత్రి మేం బోర్లా పడ్డదీ అలాగే. నలుగురం మంచాల మీద దిండ్లు పేర్చి, దుప్పట్లు కప్పి, హాస్టల్ గోడ దూకి గాంధీనగర్‌లో సెకండ్ షోకి వెళ్లాం. తిరిగొచ్చేసరికి నా మంచం పక్కన స్టూలు మీద గ్లాసుతో నీళ్లు, ఒక క్రోసిన్ మాత్ర! వాచ్‌మన్ లేపబోతే మా జూనియర్ కంగారుపడి “అన్నకి జొరం, లేపమాకు” అన్నాడట. పాపం ఆయన దిండుకి మందు పెట్టి వెళ్లాడు. తర్వాత రెండ్రోజులు ఆయన ఎదురైనప్పుడల్లా నేను దగ్గాల్సొచ్చింది.

పట్టించింది దోభీ. చొక్కా జేబులో దొరికిన పదిరూపాయల నోటు కూడా తెచ్చిచ్చే మనిషి. అంతే నిజాయితీగా టికెట్ ముక్కని వార్డెన్ గారి చేతిలో పెట్టాడు. తలా పాతిక జరిమానా.

చొక్కా మాత్రం గంజి పెట్టి, మడత నలగకుండా తెచ్చాడు. “కాస్త జేబులు చూసి వెయ్యండి బాబూ, ఏవన్నా పోతే నామీదకొస్తది” అన్నాడు.