నా పంతొమ్మిది వాచీల లెక్క తేల్చుకున్న కథ

మా ఆవిడ అడిగింది చిన్న ప్రశ్నే. బీరువా అరలో పట్టుచీరలకు చోటు లేకుండా నా వాచీల డబ్బాలు అడ్డొస్తుంటే, "ఇవన్నీ కలిపి ఎంత చేస్తాయండీ?" అంది. "లక్షన్నర పైమాటే" అన్నాను టక్కున. "ఎవరు చెప్పారు?" అంది. ఎవరూ చెప్పలేదు. పన్నెండేళ్ళుగా కొంటున్నాను కాబట్టి అంత ఉంటుందని నాకు నేనే అనుకున్నాను.

ఆ ఆదివారం భోజనాల బల్ల మీద పాత తువ్వాలు పరిచి అన్నీ బయట పెట్టాను. పంతొమ్మిది తేలాయి. హెచ్ఎంటీలు ఆరు, సీకో 5లు మూడు, టైటాన్లు నాలుగు, క్యాసియోలు రెండు, ఒక ఆల్విన్, ఒక ఫావ్రే లూబా అనే స్విస్ వాచీ, పేరు చెప్పుకోదగని సెల్లు వాచీలు రెండు. ఆ చివరి రెండూ ఎక్కడివో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

నోటు పుస్తకంలో గళ్ళు గీశాను. ఎంతకు కొన్నాను, నడుస్తోందా, లోపలా బయటా అన్నీ దాని సొంత భాగాలేనా, ఇప్పుడు అమ్మితే ఎంతొస్తుంది. ఆఖర్న ఇంకో గడి కలిపాను: ఈ ఏడాది ఎన్నిసార్లు పెట్టుకున్నాను? పదకొండు వాచీల ఎదురుగా సున్నా పడింది. అక్కడే సగం ఉత్సాహం చల్లారిపోయింది.

ధర గడి నింపడం తేలికనుకున్నాను. ఆన్‌లైన్లో చూస్తే ఒకే రకం హెచ్ఎంటీ జనతా ఒకరి దగ్గర 1,800, ఇంకొకరి దగ్గర 9,000. అడిగేవాడు ఎంతైనా అడుగుతాడు, కొనేవాడు ఇచ్చిందే కదా ధర. అందుకని నాకు తెలిసినవాళ్ళు నిజంగా డబ్బిచ్చి కొన్న రేట్లు మాత్రమే రాసుకున్నాను. అలా రాస్తే ఆరు వాచీల గళ్ళు ఖాళీగానే ఉండిపోయాయి. ఉండనీ అని వదిలేశాను.

టైము పరీక్ష ఇంట్లోనే పెట్టాను. నడుస్తున్న వాటన్నిటినీ ఫోన్లో టైముకు కలిపి, పది రోజులు రోజూ ఉదయం ఏడింటికి ఎంత తేడా వచ్చిందో రాశాను. కీ వాచీలకు అదే సమయానికి కీ ఇచ్చేవాణ్ణి. మొదటి స్థానం ఎవరిదంటే, అన్నిటికంటే చవగ్గా కొన్న క్యాసియో ఎఫ్-91డబ్ల్యూది. పది రోజులకు మూడు సెకన్లు. సీకోల్లో ఒకటి రోజుకు రెండు నిమిషాలు ముందుకు పరిగెత్తింది. చెడిపోయిందేమో అని టెన్షన్ పడ్డాను. ఇన్నాళ్ళూ దాన్ని స్పీకరు పక్కన పెట్టానని తర్వాత గుర్తొచ్చింది. స్పీకర్లో అయస్కాంతం ఉంటుంది. లోపల హెయిర్‌స్ప్రింగు అనే వెంట్రుకంత సన్నటి చుట్టల స్ప్రింగుకు అయస్కాంతం పట్టుకుంటే దాని చుట్లు ఒకదానికొకటి అతుక్కుని, స్ప్రింగు పొట్టిదైపోయినట్టు వాచీ తొందరపడుతుంది.

అసలు సంగతి కోఠీలో తేలింది. అక్కడ మెట్ల కింద నాలుగడుగుల కొట్టులో, నలభై ఏళ్ళుగా కంటికి భూతద్దం పెట్టుకుని కూర్చునే చాచా ఒకాయన ఉన్నాడు. గురువారాలు జుమ్మేరాత్ బజార్‌లో పాత వాచీలు ఏరుకునేవాళ్ళు వాటిని పట్టుకుని ఈయన దగ్గరికే వస్తారు. వాచీకి వంద రూపాయలిస్తే మూత తీసి చూసి చెబుతానన్నాడు.

ముందు ఆ సీకోని అయస్కాంతం వదిలించే మిషను మీద పెట్టి బటన్ నొక్కాడు. పది సెకన్ల పని. నేను వారం రోజులు దిగులు పడ్డది దానికి!

తర్వాత జనతా. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో మొదలైన హెచ్ఎంటీ వాచీల్లో ఊరూరా చేరింది ఇదే. పెళ్ళికొడుకు చేతికి హెచ్ఎంటీ పెట్టని మామగారు మా వైపు ఉండేవాడు కాదు. నాది మా మేనమామ పెళ్ళి వాచీ. చాచా దాన్ని టైమ్‌గ్రాఫర్ మీద బిగించాడు. టిక్ టిక్ శబ్దం విని లెక్క కట్టే పరికరం అది. జనతా గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు ఐదుసార్లు కొట్టుకోవాలి. తెర మీద చుక్కలు వంకరటింకరగా పడ్డాయి. రోజుకు నలభై సెకన్లు వెనక, ఊపు 180 డిగ్రీలు. లోపల అటూ ఇటూ ఊగుతూ టైము నడిపే బ్యాలెన్స్ చక్రం ఎంత దూరం ఊగుతోందో చెప్పే అంకె అది, 270 దాటితే ఆరోగ్యం. "నూనె ఎండిపోయింది సార్, మనిషి మంచోడే" అన్నాడు చాచా. విప్పి కడిగి నూనె వేయడానికి 700 అన్నాడు. ఆ వాచీ అమ్మితే రెండు వేలు వస్తే గొప్ప. అయినా మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాను. ధర గడిలో దానికి ఏమీ రాయలేదు.

ఇక నేను గర్వంగా ఆఖర్న తీసింది ఫావ్రే లూబా. ఆన్‌లైన్లో 6,500 పెట్టి కొన్నాను. నెమలి నీలం డయల్, మీద బంగారు గీతలు. ఎవరింటికి వెళ్ళినా చొక్కా చెయ్యి కాస్త పైకి జరిపి చూపించేవాణ్ణి. చాచా మూత తియ్యలేదు. భూతద్దం నా చేతికే ఇచ్చి "మీరే చూడండి" అన్నాడు.

చూశాను. నిమిషాల గీతలు గంటల గుర్తులకు సూటిగా లేవు, ఒక్కో చోట వెంట్రుకవాసి పక్కకు పోయాయి. పేరులోని అక్షరాల అంచులు బ్లాటింగ్ పేపరు మీద ఇంకు లాగా పాకాయి. ఆరు గంటల కింద ఉండాల్సిన స్విస్ మేడ్ అన్న మాటే లేదు. డయల్ అంచున పాత తెలుపు రంగు సన్నగా తొంగి చూస్తోంది. మూత తీశాక మరలు చూస్తే, తలలు ఎలకలు కొరికినట్టున్నాయి. "మూడు వాచీలు చచ్చి ఇది పుట్టింది సార్" అన్నాడు చాచా. నవ్వలేదు, అది కొంత నయం.

ఆ దెబ్బతో సీకోలు కూడా మళ్ళీ తీశాను. ఒకదాని వెనక మూత మీద 7009 అని, డయల్ కింది అంచున చీమ తలకాయంత అక్షరాల్లో 6309 అని ఉంది. అవి లోపలి మిషను నంబర్లు, రెండూ ఒకటే అయి ఉండాలి. ఐదేళ్ళు చేతికి పెట్టుకుని ఒక్కసారీ చదవలేదు. మిగతా రెండూ సరిగ్గానే ఉన్నాయి. సీకోల్లో సీరియల్ నంబరు మొదటి అంకె తయారైన సంవత్సరపు చివరి అంకె, రెండోది నెల. దశాబ్దం మాత్రం మోడల్ని బట్టి మనమే పట్టుకోవాలి.

ఆల్విన్ గురించి ఒక మాట. మన హైదరాబాద్ కంపెనీ, బీరువాలూ ఫ్రిజ్‌లూ చేస్తూ సీకో సహకారంతో వాచీలు కూడా చేసింది. కంపెనీ పోయి మియాపూర్‌లో చౌరస్తా పేరుగా మిగిలింది. నా ఆల్విన్ గాజు గీతలు పడి మసకగా ఉంటే, ప్లాస్టిక్ అద్దమే కదా అని టూత్‌పేస్టు పెట్టి మెత్తటి గుడ్డతో పావుగంట రుద్దాను. లోపలి వెండి రంగు డయల్ కడిగిన ముత్యంలా బయటపడింది. దానికి కొనేవాళ్ళు పెద్దగా లేరు, నాకు అమ్మే ఉద్దేశమూ లేదు.

టైటాన్లు నాలుగూ మంచివే, రాయడానికేమీ లేదు. ఊరూ పేరూ లేని వాటిలో ఒకదానిలో సెల్లు కారి మిషనంతా పచ్చగా చిలుమెక్కింది. ఆగిపోయిన వాచీలో సెల్లు వదిలేస్తే జరిగేది అదే.

మొత్తం కూడితే నలభై ఎనిమిది వేలు వచ్చింది. మా ఆవిడకు చూపించాను. "లక్షన్నర అన్నారు?" అని మాత్రం అని, బీరువాలో తన చీరలు సర్దుకుంది.

ఐదు అమ్మేద్దామనుకున్నాను. ఫావ్రే లూబా కోసం ఇంజనీరింగ్ కుర్రాడొకడు ఇంటికొచ్చాడు. డయల్ మీద కొత్తగా రంగు వేశారని, 1,500 ఇస్తే చాలని, భూతద్దం తెచ్చి గీతలు కూడా చూపించబోయాను. "తెలుసు అంకుల్" అన్నాడు వాడు, వాచీని కిటికీ వెలుతురులో తిప్పి చూసుకుంటూ. "మా అక్క పెళ్ళికి నేను కుట్టించుకున్న షేర్వానీ సరిగ్గా ఈ రంగే."