జగడమాడని దాసుడు, తాళాలు పడ్డ బల్లలు

"ప్రభువుయొక్క దాసుడు జగడమాడక" అని పౌలు తిమోతికి రాసిన మాట (2 తిమోతి 2:24) మన సంఘాల్లో ఎక్కువగా ఎప్పుడు వినిపిస్తుందో గమనించారా? కమిటీ ఎన్నికలయ్యాక. అదీ గెలిచినవాళ్ళ నోటి నుంచి, ఓడినవాళ్ళ కోసం. ఆ వచనాన్ని ఎదుటివాళ్ళ మీదికి విసరకుండా తనకే చెప్పుకున్న ఒక పాదిరి ఉన్నాడు, చార్లెస్ సిమియన్ అని.

1759లో ఇంగ్లండులోని రెడింగ్‌లో పుట్టాడు. కలవారి బిడ్డ, మంచి బట్టలన్నా గుర్రాలన్నా ప్రాణం. 1779లో కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీలో చేరిన కొత్తలోనే, మరో మూడు వారాల్లో ప్రభు భోజనం తీసుకోవాలని కబురొచ్చింది, ఎందుకంటే అక్కడ విద్యార్థులకు అది తప్పనిసరి. కుర్రాడికి టెన్షన్ పట్టుకుంది. నాకెంత అర్హత ఉందో సాతానుకూ అంతే ఉంది అనుకున్నాడట. దొరికిన పుస్తకాలు చదువుతుంటే, యూదులు తమ పాపాన్ని బలిపశువు తల మీద మోపేవాళ్ళన్న సంగతి కంటబడింది. అయితే నా పాపాన్నీ యేసు మీద మోపవచ్చా అని పట్టుకున్నాడు. ఆ ఏప్రిల్ 4న, ఈస్టర్ ఉదయం, "యేసుక్రీస్తు ఈ రోజు లేచాడు, హల్లెలూయ" అంటూ నిద్రలేచాడు.

1782లో, ఇరవై మూడేళ్ళకే, అదే ఊళ్ళో హోలీ ట్రినిటీ చర్చి అతని చేతికొచ్చింది. ఎలా వచ్చిందనుకున్నారు? వాళ్ళ నాన్న బిషప్‌గారికి ఉత్తరం రాశాడు. మన భాషలో రికమండేషన్. సంఘస్థులేమో అప్పటికే అక్కడ సహాయ గురువుగా ఉన్న హామండ్‌నే కోరుకున్నారు. వాళ్ళ కోపం పూర్తిగా అన్యాయమని నేననను. పోనీ గొడవెందుకు, తప్పుకుంటానని సిమియన్ అన్నాడు కానీ, నువ్వు తప్పుకున్నా హామండ్‌కు మాత్రం ఇవ్వనని బిషప్ తేల్చేశాడు. దాంతో ఉండిపోయాడు.

ఆ కాలపు చర్చిల్లో కుటుంబానికింత అని బల్లలుండేవి, వాటికి చిన్న తలుపులు, తలుపులకు తాళాలు. బల్లలున్నవాళ్ళు రావడం మానేసి తాళాలు వేసుకున్నారు. తాము కూర్చోరు, ఇంకొకర్ని కూర్చోనివ్వరు. వాక్యం వినడానికి వచ్చినవాళ్ళంతా నడిచే దారిలో నిలబడాల్సిందే. సిమియన్ సొంత డబ్బుతో మామూలు బెంచీలు చేయించి ఆ దారిలో వేయిస్తే, చర్చి పెద్దలు వాటిని ఎత్తి బయట పారేశారు. మధ్యాహ్నం ప్రసంగం ఎవరు చెయ్యాలో తేల్చే హక్కు సంఘానిదే కాబట్టి, పన్నెండేళ్ళపాటు దాన్ని వేరేవాళ్ళకే ఇచ్చారు. ఆదివారం సాయంత్రం కూడిక పెడితే తలుపులకే తాళం. ఒకసారి తాళాలు బాగుచేసేవాణ్ణి పిలిపించి తెరిపించాడు, మళ్ళీ ఆ పని చెయ్యలేదు. విశ్వాసం, ఓర్పు తప్ప తనకు మందు కనబడలేదని, తన మనసును లొంగదీసింది ఆ తిమోతి వచనమేనని తర్వాత రాసుకున్నాడు.

ఇదంతా చదివి, స్వతహాగా సాధువు కాబోలు అనుకుంటాం. అస్సలు కాదు. ఒకసారి ఎవరింటికో అతిథిగా వెళ్ళి, పొయ్యిలో నిప్పు సరిగా ఎగదొయ్యలేదని పనివాడి వీపు మీద ఒక్కటి వేశాడు. వెళ్ళేటప్పుడు అదే మనిషి గుర్రానికి వేరే కళ్ళెం వేశాడని మళ్ళీ రెచ్చిపోయాడు. ఆ ఇంటాయన ఏం చేశాడంటే, పనివాడే రాసినట్టుగా ఒక ఉత్తరం రాసి ఇతని సంచిలో పెట్టేశాడు: అంత బాగా ప్రసంగించే పెద్దమనిషికి ఇంత కోపమేమిటని. దానికి సిమియన్ పంపిన జవాబులో తన పేరు ఇలా రాసుకున్నాడు, "గర్విష్ఠి, ముక్కోపి అయిన చార్లెస్". నాకు ఆయన ప్రసంగాల కంటే ఈ పేరే ఎక్కువ నచ్చుతుంది. జగడమాడక అన్న మాట శాంతస్వభావులకు రాసింది కాదేమో, వాళ్ళకు దానితో పనేముంది?

తెల్లారి నాలుగింటికే లేచి ప్రార్థన చేసేవాడు. లేవలేని రోజున తనకు తనే జరిమానా, గది ఊడ్చే ఆవిడకు కొంత డబ్బు. ఒక రోజు పక్క మీదే, పోనీలే పాపం ఆవిడకు ఉపయోగపడుతుంది అని సమర్థించుకుంటున్నట్టు తనకే తెలిసొచ్చి, ఇకమీదట గినీ అనే బంగారు నాణెం నదిలో వేస్తానని ఒట్టుపెట్టుకున్నాడని చెబుతారు. ఒక్కసారి వేశాడట, అంతే.

అదే చర్చిలో 54 ఏళ్ళు, 1836లో చనిపోయేదాకా. ఆయన దగ్గర సహాయకుడిగా ఉన్న హెన్రీ మార్టిన్ మన దేశానికొచ్చి కొత్త నిబంధనను ఉర్దూలోకి తెచ్చాడు. 1799లో మొదలైన చర్చి మిషనరీ సొసైటీ వెనక సిమియన్ కూడా ఉన్నాడు. 1841లో రాబర్ట్ నోబుల్‌ను, హెన్రీ ఫాక్స్‌ను మచిలీపట్నం పంపింది ఆ సొసైటీయే. బందరు నోబుల్ కాలేజీ పేరు ఆ నోబుల్‌దే.

సిమియన్ ఓర్పు గురించి అందరూ రాస్తారు. తాళాలేసిన ఖాళీ బల్లలు పక్కనే కనబడుతుండగా, పదేళ్ళకు పైగా ఆ నడవలో నిలబడి వాక్యం విన్నవాళ్ళ సంగతో? వాళ్ళకు పదవీ లేదు, బల్లా లేదు, కావాలంటే ఆ ఊళ్ళోనే ఇంకో చర్చికి పోయి హాయిగా కూర్చోవచ్చు. పోలేదు. ఒక్క తాళమూ పగలగొట్టలేదు. మళ్ళీ ఆదివారం వచ్చి నిలబడ్డారు.